హెడ్ దించాలన్నారు, ఎర్త్ పట్టీ మారిస్తే సరిపోయింది

మా కారుకి పదిహేడేళ్లు నిండాయి. చిన్న పెట్రోల్ బండి. ఇంజన్ మీద నాకు ఇప్పటికీ నమ్మకమే. ఇన్నేళ్లలో దాన్ని సతాయించినవి అరిగిపోయిన పార్టులకన్నా దాని మీద జరిగిన రిపేర్లే ఎక్కువ. ఒకరు ఒక పని చేస్తూ ఇంకోటి వదులు చేసి వదిలేస్తారు. తర్వాత చూసినవాళ్లు ఆ వదులైనదాన్ని పట్టించుకోకుండా దానివల్ల వచ్చిన తేడాని అణిచేస్తారు. ఓవర్‌హీటింగ్‌తో నేను పడ్డ తంటా మొత్తం ఇదే వరస. పాత బండ్లు నడిపేవాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

క్లచ్ ప్లేటు మార్పించిన కొన్నాళ్లకి మొదలైంది ఇది. రోడ్డు ఖాళీగా ఉంటే టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉండేది. ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోతుంటే, అందులోనూ చీకటి పడ్డాక, మెల్లగా పైకి పాకేది. ఎర్రగీత అంచుదాకా వెళ్లి, బండి కదిలి గాలి తగలగానే దిగేది. వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోయిందనో, వాటర్ పంపు సరిగ్గా తోయడం లేదనో అనుమానించాలి. నిలబడితే వేడెక్కి, కదిలితే చల్లబడుతుంటే ముందు చూడాల్సింది రేడియేటర్ ఫ్యాను. మొదట వెళ్లిన షెడ్డులో ఈ మాటే చెప్పాను.

"ఫ్యాన్ తిరుగుతోంది కదా మేడమ్" అన్నాడు మెకానిక్.

నిజమే, తిరుగుతోంది. ఎంత జోరుగా తిరగాలో, ఎంత జోరుగా తిరుగుతోందో ఎవరూ చూడలేదు.

సాయంత్రం బండి తాళాలు ఇస్తూ, "థర్మోస్టాట్ జామ్ అయింది, తీసేశాం. ఇక ఓవర్‌హీట్ అన్న మాటే ఉండదు" అన్నాడు. కొత్తది వేశారా అంటే, "అది లేకపోతేనే బండికి మంచిది మేడమ్, నీళ్లు ఫ్రీగా తిరుగుతాయి" అని జవాబు. ఈ మాట చాలా షెడ్లలో వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు.

థర్మోస్టాట్ అంటే లోపల మైనం ఉన్న చిన్న వాల్వు. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, ఇంజన్‌ని చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఇంజన్‌లోనే తిప్పుతుంది. కూలెంట్ సుమారు 82 నుంచి 88 డిగ్రీలకి చేరాక మైనం కరిగి, ఉబ్బి, వాల్వుని తెరుస్తుంది. అది లేకపోతే రేడియేటర్ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద ఇంజన్ ఎంత దూరం పోయినా తగినంత వేడెక్కదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ వదులుతూ ఉంటుంది. నిలబడ్డప్పుడు మాత్రం ఫ్యాను గాలి చాలకపోతే థర్మోస్టాట్ ఉన్నా లేకపోయినా ఇంజన్ వేడెక్కి తీరుతుంది. మా బండిలో అచ్చంగా ఇదే జరిగింది. ఖాళీ రోడ్డు మీద ముల్లు పైకి లేవదు, ట్రాఫిక్‌లో ఎప్పటిలాగే ఎర్రగీత. మైలేజీ పడిపోయింది. పొద్దున స్టార్ట్ చేస్తే చాలాసేపు ఐడ్లింగ్ (బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) దిగదు.

అదే షెడ్డు చేసిన ఇంకో ఘనకార్యం, కూలెంట్ వంపేసి పంపు నీళ్లు నింపడం. నీళ్లు వేడిని బాగానే మోస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ తుప్పుని ఆపవు, లోపల సున్నంలా పేరుకుంటాయి, మరిగే వేడి కూడా తక్కువ. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపి, రేడియేటర్ మూత ఒక బార్ దగ్గర ఒత్తిడిని పట్టి ఉంచగలిగితే మరిగే వేడి 125 డిగ్రీలు దాటుతుంది. మూత రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే వట్టి నీళ్లు 100 దగ్గరే మరిగిపోతాయి. మా మూత రబ్బరు పగుళ్లు బారి ఉంది. అది చాలా రోజుల తర్వాత నేనే చూశాను.

తర్వాత ఇంకో షెడ్డు. అక్కడ కనీసం ఫ్యాను మీద అనుమానం పడ్డారు, అంతవరకు మెచ్చుకోవాలి. "రిలే వీక్ అయింది, ఫ్యాన్ డైరెక్ట్ చేశాం. కీ తిప్పితే చాలు, ఆగకుండా తిరుగుతుంది." కొన్ని రోజులు కాస్త నయంగానే ఉన్నట్టు అనిపించింది. ఒకరోజు డాష్‌బోర్డు కింద నుంచి ప్లాస్టిక్ మాడిన వాసన. బానెట్ ఎత్తి వైర్లు వెతికాను. రిలేని (ఫ్యానుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) పక్కకి తప్పించి, ఇగ్నిషన్ లైన్ నుంచి ఒక సన్నటి ఎర్ర వైరు లాగారు. అంత సన్నటి వైరు రేడియోకి సరిపోతుంది. రేడియేటర్ ఫ్యాను పది ఆంపియర్ల పైనే లాగుతుంది. జాయింటు దగ్గర రెండు కొసలు చేత్తో మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టారు. ఆ టేపు వేడికి జారిపోయి జిగురు కారుతోంది, లోపల రాగి నల్లబడింది, వైరు తొడుగు వేలితో నొక్కితే మెత్తగా దిగబడుతోంది. మధ్యలో ఫ్యూజు కూడా లేదు. పార్కింగ్‌లో అంటుకోకపోవడం అదృష్టం. ముందు ఆ వైరు పీకించి, సరైన మందం వైరు వేయించి, మధ్యలో ఫ్యూజు పెట్టించాను. అది కూడా అప్పటికి గడవడానికే.

ఇలా కాదని పెద్ద వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. అద్దాల గది, కంప్యూటర్‌లో జాబ్ కార్డు, టై కట్టుకున్న సర్వీస్ అడ్వైజర్. మధ్యాహ్నానికి ఫోన్ చేశాడు.

"హెడ్ గ్యాస్కెట్ పోయింది మేడమ్. హెడ్ దించాలి, ఫేసింగ్ చేయించాలి. బండి పాతది కదా, పెట్టుబడి వర్కవుట్ కాదేమో. ఓసారి సార్‌ని మాట్లాడమనండి."

బండి నాది, డబ్బులు నావి, మాట్లాడాల్సింది నాతోనే అని చెప్పి అక్కడికే వెళ్లాను. హెడ్ అంటే సిలిండర్ల పైన ఉండే భాగం, దానికీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు హెడ్ గ్యాస్కెట్. ఏం చూసి తేల్చారని అడిగితే మూడు చూపించాడు. ఆయిల్ పోసే మూత లోపలి వైపు పాల రంగు మడ్డి. కూలెంట్ ట్యాంకులో బుడగలు. కూలెంట్ మట్టం తగ్గడం. విడిగా చూస్తే మూడూ హెడ్ గ్యాస్కెట్ లక్షణాలే, కాదనను. మా బండిలో మాత్రం మూడింటికీ వేరే కారణాలున్నాయి, మూడూ పాత రిపేర్ల పుణ్యమే. థర్మోస్టాట్ లేక ఇంజన్ సరిగ్గా వేడెక్కదు కాబట్టి లోపలి తేమ ఆవిరై పోక, చల్లటి మూతకి చేరి ఆయిల్ ఆవిరితో కలిసి మడ్డి అవుతుంది. డిప్‌స్టిక్ తీసి గుడ్డకి తుడిచి చూపించాను, ఆయిల్ మామూలు రంగులోనే ఉంది. నీళ్లు నింపినప్పుడు ఎయిర్ తీయలేదు కాబట్టి బుడగలు. మట్టం తగ్గడానికి కారణం కూడా కళ్ల ముందే ఉంది. థర్మోస్టాట్ హౌసింగ్ బోల్టు ఒకటి విరిచేసి, అక్కడ సిలికాన్ పట్టించి మూసేశారు. దాని అంచున తెల్లటి చార కట్టి ఉంది.

"బ్లాక్ టెస్ట్ చేయండి" అన్నాను. ఎక్కడైనా హెడ్ దించే ముందు ఇది అడగాలి. రేడియేటర్ మూత తీసిన చోట ఒక గొట్టం బిగించి, అందులో నీలి రంగు ద్రవం పోసి, ఇంజన్ నడుస్తుండగా కూలెంట్ పైనుండే గాలిని ఆ ద్రవంలోంచి లాగుతారు. గ్యాస్కెట్ పగిలి సిలిండర్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్‌కి ఆ నీలం పసుపులోకి తిరుగుతుంది. హెడ్ దించడం రోజుల తరబడి పని, ఈ పరీక్షకి పావుగంట చాలు. అడ్వైజర్ కాసేపు నసిగాడు. లోపల పెద్ద మెకానిక్ ఒకాయన, "కిట్ ఉంది, చేద్దాం రండమ్మా" అన్నాడు. పక్కనే నిలబడి చూశాను. ఇంజన్ బాగా వేడెక్కేదాకా, యాక్సిలరేటర్ ఇచ్చి కూడా చూశాం. నీలం నీలంగానే ఉంది. కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) కూడా చూడమంటే చూశాడు, నాలుగు సిలిండర్లూ దాదాపు సమానం. హెడ్ దించాల్సిన పనిలేదని ఆయనే జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది.

ఇక అప్పటినుంచి పార్టులు మార్పించడం ఆపేసి, ముల్లు ఎప్పుడు లేస్తోందో రాయడం మొదలుపెట్టాను. కారులోనే చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఒక ఓబీడీ రీడర్ (ఈసీయూలోని రీడింగులు చూపించే పరికరం) కొని ఫోన్‌కి కలిపి, ఈసీయూకి కనిపించే కూలెంట్ వేడి ఎంతో కూడా చూసేదాన్ని. తమాషా ఇక్కడే బయటపడింది. ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగి హెడ్‌లైట్లు వేశాను. ముల్లు టక్కున ఒక గీత పైకి లేచింది. బ్లోవర్ (కారు లోపలికి గాలి కొట్టే ఫ్యాను) పెంచాను, ఇంకాస్త లేచింది. రెండూ ఆపాను, దిగింది. ఫోన్‌లో వేడి మాత్రం 97 దగ్గర కదలకుండా ఉంది. లైటు వేసినంత మాత్రాన ఇంజన్‌లో నీళ్లు ఒక్క క్షణంలో వేడెక్కవు కదా! ముల్లు వేడిని ఒక్కదాన్నే చూపించడం లేదు, కరెంటులో ఏదో తేడాని కూడా కలిపి చూపిస్తోంది. అలాగని బండి వేడెక్కడం వట్టి భ్రమ కూడా కాదు. లైట్లు, బ్లోవర్ వేసుకుని ఎక్కువసేపు నిలబడితే ఫోన్‌లో కూడా 108 దాకా చూశాను.

ఈ నోట్‌బుక్ పట్టుకుని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. వయసు మళ్లిన మనిషి, చిన్న గది, మాట తక్కువ. నేను రాసుకున్నది రెండుసార్లు చదివి, "లైట్ వేస్తే ముల్లు లేస్తోందా? ఎర్త్ చూద్దామమ్మా" అన్నాడు. ఎర్త్ అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి. నేను కూడా ఎర్త్ అనుకుని ఒకరిద్దరిని అడిగాననీ, "ఎర్త్ పోతే సెల్ఫ్ కొట్టదు, మీకు సెల్ఫ్ బాగానే ఉంది" అన్నారనీ చెప్పాను. నవ్వి, బండి కింద చూపించాడు. బ్యాటరీ నెగటివ్ నుంచి లావు కేబుల్ నేరుగా గేర్‌బాక్స్‌కి పోతుంది. సెల్ఫ్ మోటారు కరెంటు ఆ దారిలోనే తిరుగుతుంది. గేర్‌బాక్స్ నుంచి కారు బాడీకి మాత్రం వేరే అల్లిక పట్టీ ఉంటుంది. లైట్లు, బ్లోవర్, రేడియేటర్ ఫ్యాను లాంటివన్నీ బాడీకి ఎర్త్ అయి, ఆ పట్టీ మీదుగానే వెనక్కి రావాలి. పట్టీ పాడైనా సెల్ఫ్‌కి ఏమీ కాదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

మల్టీమీటర్ డీసీ వోల్టుల మీద పెట్టాడు. ఇంజన్ నడుస్తోంది. బ్యాటరీ కొనల మధ్య 14.1, అంటే ఛార్జింగ్ బాగానే ఉంది. తర్వాత ఎర్ర పిన్ను బాడీ మీద శుభ్రమైన బోల్టుకి, నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్‌కి ఆనించాడు. రెండూ ఎర్తే కాబట్టి సున్నాకి దగ్గరగా ఉండాలి, 0.1 లేదా మహా అయితే 0.2. ఫ్యాను ఒక్కటే తిరుగుతున్నప్పుడు 0.8 చూపించింది. హెడ్‌లైట్లు వేస్తే 1.4. బ్లోవర్ కూడా పెంచితే 2.2. "ఇదిగో, నీ ఫ్యాను తిండి ఇక్కడ పోతోంది" అన్నాడు. ఫ్యాను కనెక్టర్ దగ్గర చూస్తే 11.3 వోల్టులే అందుతున్నాయి. ఆ వోల్టేజీకి ఫ్యాను తిరుగుతుంది, రేడియేటర్ చల్లబడేంత గాలి మాత్రం లాగలేదు.

ముల్లు సంగతి కూడా అప్పుడే అర్థమైంది. డాష్‌బోర్డు ముల్లుకి పోయే సెన్సార్ ఒంటి వైరుది, దాని ఎర్త్ ఇంజన్ లోహమే. ఇంజన్‌కీ బాడీకీ మధ్య రెండు వోల్టుల తేడా వస్తే ఆ తేడా కూడా ముల్లు లెక్కలో కలిసిపోయి, వేడి ఎక్కువగా చూపిస్తుంది. ఈసీయూ సెన్సార్‌కి రెండు వైర్లు, దాని రిటర్న్ దానికే వేరుగా ఉంది. అందుకే ఫోన్‌లో అంకె నిజం చెప్పింది.

పట్టీ విప్పి చేతిలో పెట్టాడు. పైన రబ్బరు తొడుగు చూడ్డానికి శుభ్రంగానే ఉంది. చీల్చితే లోపల రాగి పోగులన్నీ పచ్చటి పొడి. వేళ్ల మధ్య నలిపితే రాలిపోయింది, కొసన కాసిని పోగులు మాత్రం మిగిలాయి. గేర్‌బాక్స్ వైపు కన్ను (బోల్టు దూరే రింగు) దగ్గర మాడి నీలం రంగు తిరిగింది. ఆ బోల్టు కంపెనీది కాదు, పొడవు ఎక్కువైంది. తల అడుగుదాకా దిగక, పట్టీ కింద సందు మిగిలింది. క్లచ్ ప్లేటు మార్చినప్పుడు గేర్‌బాక్స్ దించారు కదా, అప్పుడు అసలు బోల్టు పోగొట్టి చేతికందింది వేశారు. వదులుగా ఉన్నచోట వేడి, ఆ వేడికి తుప్పు, తుప్పుకి ఇంకా వేడి. ఆపైన ఫ్యానుని డైరెక్ట్ చేసి రోజంతా అదే పట్టీ మీదుగా పది ఆంపియర్ల పైన నడిపించారు. ఆ మధ్య క్లచ్ కేబుల్ గట్టిపడిందని కొత్తది వేయించాను, దాని కారణం కూడా ఇదే కావచ్చన్నాడు. పట్టీ పనిచేయకపోతే కరెంటు క్లచ్ కేబుల్ లాంటివాటి లోహపు తీగల్లోంచి దారి వెతుక్కుంటుందట. పాత కేబుల్ తొడుగు ఒకచోట కరిగి ఉండటం నాకు గుర్తుంది.

కొత్త పట్టీ, సరైన బోల్టు. బాడీ వైపు పెయింట్ గీకి లోహం కనిపించాక బిగించి, పైన గ్రీజు రాశాడు. మళ్లీ అన్నీ ఆన్ చేసి అవే రెండుచోట్ల పిన్నులు పెడితే 0.06. ఫ్యాను దగ్గర 13.6. ఫ్యాను మోతే మారిపోయింది, పక్క గదిలోంచి కూడా వినపడింది.

అక్కడితో సగం పనే. పాత రిపేర్లన్నీ వెనక్కి తిప్పాలి. పెద్ద వర్క్‌షాప్‌లో బ్లాక్ టెస్ట్ చేసిన ఆ పెద్ద మెకానిక్‌కే అప్పగించాను. విరిగిన బోల్టు తీయడానికే ఎక్కువ సమయం పట్టింది. అల్యూమినియంలో ఇరుక్కుపోయిన ముక్కకి నడిమధ్య డ్రిల్ పెట్టాలి, కాస్త పక్కకి పోతే హౌసింగ్ కూర్చునే చోటే పాడవుతుంది. తీసేశాక థ్రెడ్ సగం పోయిందని స్ప్రింగ్ థ్రెడ్ (బోల్టు పట్టడానికి రంధ్రంలో దూర్చే తీగ చుట్ట) వేశాడు. కొత్త థర్మోస్టాట్, కొత్త గ్యాస్కెట్, కొత్త రేడియేటర్ మూత. థర్మోస్టాట్ అంచున గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది, అది పైకి వచ్చేలా పెట్టాలి. చాలామంది ఎటు పడితే అటు పెట్టేస్తారు. పాత నీళ్లు వంపితే ఇటుక రంగు. తేటగా వచ్చేదాకా కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కూలెంట్ పోశాడు. రంగు చూసి కూలెంట్ ఎంచుకోవద్దని కూడా చెప్పాడు. పచ్చ, ఎరుపు, నీలం అన్నది ఏ కంపెనీ ఇష్టం వాళ్లది, బండి మాన్యువల్‌లో రాసిన రకం చూసుకోవాలి. ముందు చక్రాలు కాస్త ఎత్తుమీద పెట్టి, హీటర్ పూర్తిగా వేడి వైపు తిప్పి, బుడగలు ఆగేదాకా ఎయిర్ తీశాడు. రిలేని కూడా మళ్లీ వైరింగ్‌లో పెట్టించాను. ఇప్పుడు ఫ్యాను 97 దగ్గర మొదలై 91 దగ్గర ఆగుతోంది.

తర్వాత ఆ షెడ్లకి వెళ్లాను. గొడవకి కాదు, బిల్లులు, ఫోటోలు, రీడింగులు పట్టుకుని. ఫ్యాను డైరెక్ట్ చేసిన చోట ఓనర్ మాడిన వైరు ఫోటో చూసి ఏమీ వాదించలేదు, ఆ పని డబ్బులు వెనక్కి ఇచ్చాడు. థర్మోస్టాట్ తీసేసినవాడు, "అందరూ అలాగే చేస్తారు మేడమ్" అన్నాడు. బోల్టు విరగ్గొట్టి చెప్పకుండా సిలికాన్ పెట్టడం కూడా అందరూ చేస్తారా అంటే కుర్రాడి మీదికి తోశాడు. చివరికి లేబర్ తగ్గించి, తర్వాతి పనిలో సర్దుతానన్నాడు. వద్దన్నాను, సగం వెనక్కి వచ్చింది. క్లచ్ పని చేసిన చోట ఏమీ రాలేదు. బోల్టు వాళ్లదే అని నిరూపించేది నా దగ్గర ఏముంది? అప్పట్లో ఫోటోలు తీసే అలవాటు లేదు. ఇప్పుడు ఏ పనికైనా బండి ఇచ్చే ముందు బానెట్ ఎత్తి నాలుగు వైపులా ఫోటోలు తీస్తున్నాను. జాబ్ కార్డు మీద "చెక్ అండ్ రిపేర్" అని రాయనివ్వను. ఎప్పుడు, ఏ వేగంలో, ఏవి ఆన్ చేస్తే తేడా వస్తోందో నా మాటల్లోనే రాయిస్తాను. తీసిన పాత పార్టు సంచిలో వేసి నాకివ్వాలి. ఏదైనా పార్టు మార్చాలంటే ఏ రీడింగ్ చూసి అంటున్నారో ముందు చెప్పాలి. దీనికి విసుక్కునేవాళ్లు ఉన్నారు. అలాంటిచోట పంక్చర్ తప్ప ఇంకేం చేయించను. ఆ థర్మోస్టాట్ మహానుభావుడు సస్పెన్షన్ పనిలో మాత్రం దిట్ట, బుష్‌లకి ఇప్పటికీ అతని దగ్గరికే వెళ్తున్నాను.

మైలేజీ పాత లెక్కకి వచ్చింది. ఆయిల్ మూత కింద మడ్డి మళ్లీ కట్టలేదు. ఇక మిగిలింది వాల్వ్ కవర్ గ్యాస్కెట్, వెనక మూలన ఆయిల్ చెమరుస్తోంది. మాన్యువల్‌లో ఆ బోల్టులకి రాసిన బిగింపు 10 న్యూటన్ మీటర్ల లోపే. గన్ పెట్టకుండా చేతి టార్క్ రెంచ్‌తో బిగించాలని జాబ్ కార్డు మీద ముందే రాయించాను, వచ్చేవారం ఇస్తున్నాను.